స్వాతంత్ర్యమును పలుకు శిలలు



కంటితో చూడజాలని వస్తువులలో స్వాతంత్ర్యమొకటి. ఉన్నపుడు దాని యునికి తెలియదు. లేనపుడు ప్రతిక్షణము తెలియుచుండును. అట్టి వస్తువును శిల్పి రాతిలోనో లోహములోనో చెక్కి పదుగురు నడచు త్రోవలో నిలుపవలెనన్న నేమి చేయును? నిలిపిన పిమ్మట దారిని బోవువాడు దానిని చూచి యేమి గ్రహించును? సికింద్రాబాదు, హైదరాబాదు నగరములలోని కొన్ని శిల్పముల నాధారముగా గొని ఈ రెండు ప్రశ్నలను గూర్చి నాకు తోచిన నాలుగు మాటలు నేడు విన్నవింతును.

ముందుగా శబ్దార్థమును చూతము. 'స్వ' యనగా తనది. 'తంత్ర' మను మాటకు పెక్కర్థములు గలవు. మగ్గము, మగ్గముపై సాచిన పడుగు, శాస్త్రము, రాజ్యపాలనము, ఇవన్నియు తంత్రములే. తన మగ్గము తనదై, తన పడుగు తానే సాచుకొనువాడు స్వతంత్రుడు. పాణిని మహర్షియు వ్యాకరణమున కర్త యెవరని నిర్ణయించుచు, క్రియయందు స్వతంత్రుడైనవానినే కర్త యనెను. కావున నొకని వలన పని జరుగుటయే వాని స్వతంత్రత. ప్రజ తన పాలనక్రియకు తానే కర్తయగుట రాజకీయ స్వాతంత్ర్యము. ఈ యర్థమును మనస్సున నుంచుకొన్నచో తక్కిన విషయము సులభమగును.

పాశ్చాత్యులు స్వాతంత్ర్యమును దేవతగా భావించుట ప్రాచీనకాలమునుండి యున్నది. రోమనులు లిబర్తాసు అను దేవికి గుడి కట్టిరి. వారి దేశమున బానిసకు విడుదల గలిగినపుడు తలపై నొక టోపి పెట్టు నాచారముండెడిది. కావున నా దేవిచేత నా టోపి నుంచిరి. ఈ దేవి సంతతిలోనిదే న్యూయార్కు రేవులో 1886 అక్టోబరు 28న ఆవిష్కృతమైన మహావిగ్రహము. బార్తోల్ది యను ఫ్రెంచి శిల్పి దాని రూపకర్త. లోపలి యినుపకట్టును ఈఫిల్ అను నింజనీరు కూర్చెను. పీఠము గాక విగ్రహమే 151 అడుగులు. కుడిచేత దివిటీ, ఎడమచేత 1776 జూలై 4 అను తేది చెక్కిన ఫలకము, కిరీటమున ఏడు కిరణములు, ఇవి చిత్రపటములలో నందరు చూచినవే. పాదములకడ తెగిన సంకెల యొకటి యున్నది. క్రింద నిలిచి చూచువానికది కానరాదు. బంధవిముక్తికి ముఖ్యచిహ్నమైన సంకెల మరుగున బడి, దివిటీ మాత్రము లోకప్రసిద్ధమైనది. శిల్పమునందున్నదంతయు చూపరికి చేరదని మన మిచటనే గుర్తింపవలెను.

ఇక శిల్పమెట్లు మాటాడును? మన యాలంకారికులు శబ్దమునకు మూడు వృత్తులు చెప్పిరి. అవి అభిధ, లక్షణ, వ్యంజన. శాస్త్రములో దీనికొక పాత యుదాహరణము గలదు. గంగలో గొల్లపల్లె యున్నదని యొకడనెను. గంగ యను మాట నదీప్రవాహమును చెప్పుట అభిధ. ప్రవాహములో పల్లె యుండజాలదు గనుక, ఆ మాటకు గంగయొడ్డు అను నర్థము చెప్పుకొనుట లక్షణ. గంగయొడ్డున అని సూటిగా ననక గంగలో ననుటచే ఆ పల్లె చల్లదనము, పావనత్వము మనస్సునకు తోచుట వ్యంజన. ఈ మూడు త్రోవలును శిల్పమునకు గూడ గలవని నా యభిప్రాయము. మన నగరములలో మూడింటికిని నిదర్శనములున్నవి.

మొదటిది అభిధ. ఎవని వలన స్వాతంత్ర్యము వచ్చినదని ప్రజ తలచునో వాని రూపమునే నిలుపుట. సికింద్రాబాదున పూర్వము జేమ్సు వీధి యనబడిన రాజమార్గము నేడు మహాత్మాగాంధి మార్గము. ఆ మార్గమున గాంధీజీ విగ్రహము గలదు. గాంధి ఆసుపత్రియెదుట 2022 అక్టోబరు 2న మరియొక విగ్రహము నావిష్కరించిరి. అది 16 అడుగుల కంచువిగ్రహము. ధ్యానములో కూర్చున్న రూపము. ఆ యాసుపత్రి యిపుడున్న నేలపై పూర్వము ముషీరాబాదు చెరసాల యుండెడిది. పెక్కుమారులు చెరసాలకేగిన మహాత్ముడు చెరసాల పోయిన చోట కన్నులు మూసి కూర్చుండుట యోచింపదగిన విషయము. హుస్సేనుసాగరసమీపమున 2023 ఏప్రిలు 14న ఆవిష్కృతమైన అంబేడ్కరు విగ్రహము 125 అడుగులది. 125వ జయంతి జ్ఞాపకముగా నా కొలత నేర్పరచిరి. దాని క్రింది 50 అడుగుల పీఠము పార్లమెంటు భవనపు పోలికతో కట్టబడినది. వ్యక్తి పైనను, ప్రజాసభ క్రిందను ఉండునట్లు చేసిన యేర్పాటది.

ఇట్టి విగ్రహమునకు గల గుణము స్పష్టత. అక్షరము రానివాడును 'గాంధితాత' యని గుర్తించును. లోపమును ఆ స్పష్టతలోనే యున్నది. విగ్రహము వ్యక్తిని చెప్పి యూరకుండును. ఉప్పు వండినవారు, బడి మానినవారు, లాఠీ దెబ్బలు తిన్నవారు, పేరు తెలియని వేలమంది ఆ రూపములో కానరారు. స్వాతంత్ర్యక్రియకు కర్త యేకవచనములో నున్నట్లు తోచును. నిజమునకు కర్త బహువచనము.

రెండవది లక్షణ. దేశము, భాష, ప్రాంతము అనునవి మనుష్యులు కారు. వానిని తల్లిగా భావించి రూపము కల్పించుట. 1905 నాటికి అవనీంద్రనాథ టాగూరు భారతమాతను చిత్రించెను. నాలుగు చేతులలో పుస్తకము, వరిపన, తెల్లని వస్త్రము, జపమాల. విద్య, అన్నము, బట్ట, ధర్మము ప్రజకు కావలెనని దాని భావము. ఈ త్రోవలోనే తెలుగుతల్లియు, తరువాత తెలంగాణ తల్లియు రూపొందిరి.

తెలంగాణ తల్లికి రెండు రూపము లేర్పడినవి. ప్రత్యేకరాష్ట్రోద్యమకాలమున వ్యాపించిన రూపమునకు తలపై కిరీటము, ఒకచేత బతుకమ్మ, ఒకచేత మొక్కజొన్న కంకి. 2024 డిసెంబరు 9న సచివాలయప్రాంగణమున ఆవిష్కృతమైన విగ్రహమునకు కిరీటము లేదు. ఆకుపచ్చని చీర, కుడిచేత అభయముద్ర, ఎడమచేత వరి, జొన్న, సజ్జ, మొక్కజొన్న కంకులు. పీఠముపై పైకెత్తిన పిడికిళ్లు. పీఠముతో గూడ 20 అడుగులు. రూపము మారగానే వాదము పుట్టినది. రాణివలె గాక సామాన్యగృహిణివలె తల్లి యుండవలెనని యొక పక్షము. బతుకమ్మ లేని తెలంగాణ తల్లి తల్లి యెట్లగునని మరియొక పక్షము.

ఈ వాదములో నేనేపక్షమును పట్టను. అయితే యిట్టి వాదము లక్షణావృత్తికి సహజమని చెప్పగలను. గంగయొడ్డన్నపుడు ఏ యొడ్డని యడుగవచ్చును గదా! తల్లి యనగానే ఏ తల్లి, ఏ చీర, ఏ నగ, ఏ కంకి యను ప్రశ్నలు వచ్చును. చేతిలోని ప్రతివస్తువును ఒక నిర్ణయము. నిర్ణయించువారు మారినపుడు వస్తువును మారును. దీనిని మంచిదిగాను చూడవచ్చును: స్వతంత్రులైన ప్రజ తమ చిహ్నమును గూర్చి బహిరంగముగా వాదించుకొనగలరు. దీనిలో భయమును లేకపోలేదు: చిహ్నము ప్రజయొక్క జ్ఞాపకముగా గాక పాలకుల గురుతుగా మారిపోవచ్చును.

మూడవది వ్యంజన. ఇచట మనుష్యరూపము లేదు, దేవతారూపము లేదు. వస్తువు వేరొకటి, తోచు నర్థము వేరొకటి. ఈ పద్ధతి మనకు క్రొత్త గాదు. 'స్తూప' శబ్దమునకు కూడబెట్టి యెత్తు చేయుట యని ధాత్వర్థము. పోయినవారి యవశేషములపై మట్టియు నిటుకయు పోసి యెత్తు చేసి, ఆ యెత్తునే పూజించిరి. మన నేలపై అమరావతి స్తూపము జగద్విఖ్యాతము. ఖమ్మము జిల్లాలో నేలకొండపల్లి స్తూపము గలదు; సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో శిల్పఖచితమైన తోరణఖండములు దొరకినవి. తొలినాటి బౌద్ధశిల్పులు బుద్ధుని రూపమును చెక్కక, పాదముద్రలు, ఖాళీ పీఠము, బోధివృక్షము చెక్కి ఆయన యచట నున్నట్లు తోపించిరి. లేనివానిని లేమితోనే చెప్పుట వ్యంజనకు పరాకాష్ఠ.

ఈ సంప్రదాయములో నిలువదగిన శిల్పము హైదరాబాదున శాసనసభాభవనమున కెదుటగా, గన్‌పార్కులో నున్న అమరవీరుల స్తూపము. దాని కథ తెలియనిదే దాని భాష తెలియదు. 1956 నవంబరు 1న తెలంగాణము ఆంధ్రరాష్ట్రముతో గలిసి ఆంధ్రప్రదేశ మేర్పడినది. అంతకుముందు ఫిబ్రవరి 20న ఉభయప్రాంతనాయకులు పెద్దమనుష్యుల యొప్పందము చేసికొనిరి. ఉద్యోగములు, విద్య, తెలంగాణపు మిగులు ఆదాయము ఆ ప్రాంతముననే వ్యయమగుట మున్నగువానికి అందు రక్షణలు గలవు. ఆ రక్షణలు పాటింపబడలేదను బాధతో 1969 జనవరిలో విద్యార్థు లుద్యమించిరి. కాల్పులు జరిగినవి. 369 మంది ప్రాణములు కోల్పోయిరని చెప్పుదురు. వారిలో పెక్కురు విద్యార్థులు.

వారి స్మృతికై హైదరాబాదు నగరపాలకసంస్థ పూనుకొనినది. 1970లో నాటి మేయరు లక్ష్మీనారాయణగారి చేతులమీదుగా శంకుస్థాపన జరిగినది. 1975 నాటికి స్తూపము పూర్తియైనది. శిల్పి ఎక్కా యాదగిరిరావుగారు. ఆయన చనిపోయినవారి ముఖములు చెక్కలేదు. తుపాకి పట్టినవానిని గాని, నేలకొరిగినవానిని గాని చెక్కలేదు. మరి యేమి చేసెను?

అడుగున నల్లరాతి పీఠము. దాని నాలుగు ప్రక్కలను, ప్రక్కకు తొమ్మిది చొప్పున, చిన్న రంధ్రములు. అవి తూటా దెబ్బలు. శరీరము లేదు, శరీరమున కయిన గాయము మాత్రము రాతికి బదిలీ యైనది. తొమ్మిది యనగా నాటి తెలంగాణపు తొమ్మిది జిల్లాలు. పీఠముపై సాంచీస్తూపద్వారమును స్ఫురింపజేయు మకరతోరణము. అది పోయినవారికి నమస్కారము. నడిమి స్తంభమును ఏ దిక్కునుండి చూచినను తొమ్మిది గీతలు కానవచ్చును. పైభాగమున ధర్మచక్రము. అన్నిటికంటె పైన తొమ్మిది రేకుల తెల్లనిపువ్వు. స్తూపము త్యాగమును తెలుపు నెఱ్ఱరంగుది. పువ్వు నిర్మలత్వమును తెలుపు తెలుపురంగుది. క్రింద గాయము, నడుమ ధర్మము, పైన పువ్వు. చూపు క్రిందినుండి పైకి పోవుకొలది దుఃఖము శాంతిగా పరిణమించును. శోకము కరుణరసముగా పరిణమించుట యనగా నిదియే యని పాఠశాలలో పిల్లలకు నేను చెప్పుచుండెడివాడను.

ఇచట నొక శంక కలుగవచ్చును. 1947 ఆగస్టు 15న దేశమున కంతకును స్వాతంత్ర్యము వచ్చెను. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానపు నిజాముపాలన ముగిసెను. 1969లో పరరాజు లేడు. అట్టియెడ నిది స్వాతంత్ర్యచిహ్న మెట్లగును? రాష్ట్రవిభజన కోరుటయు, దేశస్వాతంత్ర్యమును కోరుటయు ఒకటి గావు, ఇది సత్యము. కాని మొదట చెప్పిన వ్యాకరణమును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. తన పాలనక్రియకు తాను కర్త కాలేదని యొక జనసమూహమునకు తోచినపుడు, పాలించువాడు పరదేశియైనను స్వదేశియైనను, ఆ కోరిక స్వతంత్రతా విషయమైనదే. ఆ కోరిక సరియా కాదా యని వాదింపవచ్చును. 2014 జూన్ 2న తెలంగాణరాష్ట్ర మేర్పడుటతో ఆ వాదము చట్టరీత్యా ముగిసినది. ప్రాణము లిచ్చినవారి గాయము మాత్రము వాదమునకు లొంగదు. అందుచేతనే ఆ శిల్పి వాదమును చెక్కక గాయమును చెక్కెను.

సికింద్రాబాదు వాసులకు నింకొక దృశ్యము సులభముగా లభించును. మన గడియారస్తంభము, క్లాక్ టవర్ అని యందరు పిలుచునది, 120 అడుగుల యెత్తున 1897లో ఆంగ్లాధికారులచే ప్రారంభింపబడినది. దండుప్రదేశమైన యీ పట్టణమున నది సైనికులకును వర్తకులకును కాలమును చాటెడిది. కాలము చెప్పువాడే యేలువాడు. ఎప్పుడు లేవవలెనో, ఎప్పుడు అంగడి తెరవవలెనో ఆ స్తంభము శాసించినది. ఆ గడియారస్తంభము చెంతనే నేడు 1969 అమరవీరుల స్తూపము గలదు. ఒక స్తంభము కాలమును కొలుచుచున్నది. రెండవది కాలము నాపి యొక సంవత్సరమునే చూపుచున్నది. రెండింటి నడుమ బస్సుకై నిలిచినవారు, పండ్లబండ్లవారు, బడిపిల్లలు సంచరించుచుందురు. మొదటిదానిని చూచి గంట యెంతయైనదో తెలిసికొందురు. రెండవదానిని చూచి యేమి తెలిసికొందురు?

ఈ ప్రశ్నయే నేటి నా ప్రసంగమునకు మూలము. ఒక బాలుడు గన్‌పార్కు స్తూపమును చూచివచ్చి నన్నడిగెను: "అయ్యవారూ! తెలంగాణలో 33 జిల్లాలు గదా, రాతిమీద తొమ్మిదే యెందుకున్నవి?" బాలుని ప్రశ్న న్యాయమైనది. స్తూపము కట్టుకాలమునకు జిల్లాలు తొమ్మిది. 1978లో రంగారెడ్డి జిల్లా యేర్పడి పదియైనవి. 2016లో 31, 2019లో 33 అయినవి. రాయి మారలేదు, లెక్క మారినది. తొమ్మిది జిల్లాల తెలంగాణము నెరిగినవారు నానాటికి తగ్గుచున్నారు. వారి వెనుక వచ్చువారికి ఆ రంధ్రములు తూటా దెబ్బలని గాని, ఆ సంఖ్య జిల్లాలదని గాని చెప్పువారు లేనిచో, కొంతకాలమునకు అవి కేవలము రంధ్రములై మిగులును. న్యూయార్కు విగ్రహపు సంకెల యెత్తుచే మరుగైనది. మన స్తూపపు తొమ్మిది సంఖ్య మరపుచే మరుగు కాగలదు.

వ్యంజన సహృదయునికే తెలియునని యాలంకారికు లందురు. సహృదయుడు పుట్టుకతో రాడు. వినికిడిచే, చదువుచే తయారగును. అభిధావిగ్రహమునకు ముఖమే సాక్ష్యము. లక్షణావిగ్రహమునకు చేతిలోని కంకి సాక్ష్యము. స్తూపమునకు మాత్రము మన నోటిమాటయే సాక్ష్యము. కావున మూడింటిలో నది గంభీరమైనది, మూడింటిలో నదియే దుర్బలమైనది.

కొలతను పెంచినచో ఈ దౌర్బల్యము పోవునా యని కొంద రడుగవచ్చును. 2023 జూన్ 22న హుస్సేనుసాగరతీరమున అమరజ్యోతి యను క్రొత్త స్మారకమును ప్రారంభించిరి. ఎం.వి. రమణారెడ్డిగారు దాని శిల్పి. మెరయు స్టెయిన్‌లెస్ స్టీలుతో ప్రమిద యాకారమున నిర్మించి, దానిపై బంగారువర్ణపు జ్వాలను నిలిపిరి. ప్రమిదయు దీపమును ప్రతి తెలుగింట నున్నవే గనుక దాని భావము వెంటనే తెలియును. రాత్రివేళ దూరమునకు కానవచ్చును. అది మంచిదే. పోయినవారికి దీపము పెట్టుట మన యాచారము. ఐనను ఆ దీప మెవరికై వెలుగుచున్నదను మాట దీపమునుండి రాదు. ఎంత పెద్ద జ్యోతికైనను చెంత నిలిచి కథ చెప్పు మనిషి యొకడు కావలెను.

2024 డిసెంబరు 9న, తెలంగాణ తల్లి విగ్రహావిష్కరణమైన దినముననే, రాష్ట్రప్రభుత్వము తొమ్మండుగురు కవులను, కళాకారులను, ఉద్యమకారులను సన్మానింప నిశ్చయించెను. అందు ఎక్కా యాదగిరిరావుగారి పేరును గలదు. శిల్పికి సన్మానము జరుగుట సంతోషకరము. శిల్పమునకు సన్మానమేది? ఏటేట జూన్ 2న స్తూపముపై పూలమాల లుంచుదురు. ఆ పూలు మరునాటికి వాడును. మాలతోబాటు మాటను గూడ నుంచవలెనని నా విన్నపము.

ఇది మిక్కిలి వ్యయమగు కార్యము గాదు. ప్రతి స్మారకముకడను, బడిపిల్లవాడు నిలిచి చదువగల యెత్తున, సులభమైన తెలుగులో నొక ఫలకముండవలెను. ఏది తూటాగురుతో, ఏది జిల్లాల సంఖ్యయో, తోరణ మేల యున్నదో, ఎవరు కట్టిరో, ఎవరు చెక్కిరో అందు వ్రాయవలెను. రెండవది, ఉపాధ్యాయులు పిల్లలను అచటికి గొనిపోవలెను. పుస్తకములో చదివి పరీక్షలో వ్రాసిన సంవత్సరము మరునాడు మరచిపోవుదురు. నల్లరాతిలోని రంధ్రములో తన వ్రేలుంచి చూచినవాడు మరవడు. మూడవది, పెద్దలు తమ యింట తాము చూచినదానిని చెప్పవలెను. 1969లో ఇరువది యేండ్లవారికి నేడు డెబ్బది దాటినది. వారు చెప్పకున్న చెప్పువారు లేరు.

స్వతంత్రుడే కర్త యని మొదట ననుకొంటిమి. స్మృతియు నొక క్రియయే. దానికి రాయి కర్త కాజాలదు; కర్తలము మనము. శిల్పి తన పని ముగించి తొమ్మిది రేకుల పువ్వును స్తూపశిఖరమున నిలిపి పోయెను. క్రింద నిలిచి తొమ్మిది వరకు వ్రేళ్లపై లెక్కించి, ఆ లెక్క యెక్కడిదో ప్రక్కనున్న పిల్లవానికి చెప్పుట మన పని.